ఎమహోయ్ అమ్మకు నిందాస్తుతి

ముందు టక్కుమని ఒక చప్పుడు. రికార్డు బొత్తాం మీద వేలు పడిన చప్పుడు. కూర్చున్న చెక్కబల్ల కిర్రుమంటుంది. కిటికీ అవతల పిట్టలు దేనికో గొడవ పడుతుంటాయి. ఆ గొడవలోంచే పియానో మొదలవుతుంది, దాని అడుగులోనే అడుగేస్తూ నీ గొంతు.

అమ్మా, ఇథియోపియా సన్యాసినీ, ఎమహోయ్ త్సెగె మరియమ్ గెబ్రూ తల్లీ, నీ పాటకన్నా ముందు ఆ టక్కుకు ఒక దండం. దండం పెట్టి అడుగుతున్నాను, ఎందుకు నొక్కావు ఆ బొత్తాం? పాట దేవుడికి చేరాలంటే గాలి చాలు. గాలి కూడా అక్కర్లేదు, మనసులో అనుకున్నా వింటాడని కదా మీ మఠంలోనైనా మా భజన మందిరంలోనైనా చెప్పేది. వేదికలు వద్దన్నదానివి, చప్పట్లు వద్దన్నదానివి, పదేళ్ళపాటు కాళ్ళకు చెప్పులు కూడా వద్దన్నదానివి. అలాంటిదానివి ఒక టూ ఇన్ వన్ ముందుకొచ్చి కూర్చున్నావు. ఎవరి కోసం తల్లీ?

కోపం తెచ్చుకోకు. మా భాషలో భక్తులకు దేవుళ్ళతో పోట్లాడే హక్కు ఎప్పుడో దఖలు పడింది. గోలకొండ చెరలో కూర్చుని రామదాసు రాముణ్ణి ఖర్చుల లెక్క అడిగాడు. కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్ర విష్ణువును శతకం పొడుగునా దెప్పుతూనే పొగిడాడు. నేను నిన్ను తిట్టేది కూడా ఆ వరసలోనే.

మాది వెలిగండ్ల. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మెట్ట. 1970లో ఈ జిల్లా పుట్టేదాకా మేం కనిగిరి తాలూకాతో పాటు నెల్లూరు లెక్కలో ఉండేవాళ్ళం. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు లెక్కలో ఉండేవి. జిల్లా మారింది గాని వాన మారలేదు. పడితే పడినట్టు, లేకపోతే లేనట్టు. బోరులో నీళ్ళు పడ్డాయని సంబరపడితే అందులో ఫ్లోరైడు. కంది, సజ్జ, ఆముదం, కాస్త పొగాకు. ఇక్కడ కూర్చుని ఫోనులో నీ పాట పెట్టుకుంటే, పొరుగువాళ్ళు ఇదేం భాష అని అడుగుతారు. అమ్హారిక్ అని చెబితే ఆ మాట కూడా పాటలో ముక్కే అనుకుంటారు.

నీకూ మాకూ ఏం చుట్టరికం అంటావేమో. ఉంది. కంచంలో ఉంది, దీపంలో ఉంది. రాగిచేను మొదట పండింది మీ ఇథియోపియా, ఉగాండా మెట్టల మీద. జొన్నకు పుట్టిల్లు ఈశాన్య ఆఫ్రికా. కరెంటు రాకముందు మా గుళ్ళ గూట్లో వెలిగిన ఆముదానిది కూడా అటువైపు నేలేనంటారు మొక్కల చరిత్ర తెలిసినవాళ్ళు. వేల ఏళ్ళ కిందట ఎవరి మూటలో, ఏ పడవలో వచ్చాయో గాని మీ గింజ తిని మేం బతికాం. మీ చెట్టు నూనె వెలుగులో మా దేవుడి మొహం చూశాం. మీ వొల్లో సీమలో కొండరాయి తొలిచి లాలిబెలా గుళ్ళు చేశారు. మా పక్కనే సీఎస్ పురం మండలంలో భైరవకోన ఉంది, అక్కడా కొండను తొలిచే శివుడికి ఇళ్ళు కట్టారు. మట్టి తక్కువై రాయి ఎక్కువైన చోట మనుషులు ఇంకేం చేస్తారు!

స్వరాల్లోనూ చుట్టరికమే. మీ పాటకు నాలుగు వరసలు, తిజితా, బాటి, అంబాసెల్, అంచిహోయె. నాలుగూ ఐదేసి స్వరాలవే, మా లెక్కలో ఔడవాలు. తిజితాలో ఒక రకానిది స రి గ ప ద, అచ్చంగా మోహన మెట్లు. అందుకే భాష తెలియకపోయినా మొదటి నిమిషంలోనే చెవి సర్దుకుంటుంది. రెండో నిమిషంలో తికమక మొదలవుతుంది. పియానోకు గమకం లేదు కదా. నొక్కిన మెట్టు నొక్కినట్టే మోగుతుంది, ఊగదు, జారదు. మరి నువ్వేం చేశావు? ఒక స్వరం మీద నిలబడే ముందు దాని చుట్టూ చిన్న చిన్న స్వరాలు గబగబా చల్లి, అప్పుడు దాని మీద వాలావు. నీ ఎడమచెయ్యి యూరప్ బడిలో నేర్చిన ఊపు ఊగుతుంటుంది. కుడిచెయ్యి మీ గుళ్ళో దీర్ఘాలు తీస్తుంటుంది. తనకు తోచిన చోట ఆగుతుంది, ఎడమచెయ్యి దానికోసం కాచుక్కూర్చుంటుంది. తాళం వేసుకుంటూ విందామని తొడ మీద చెయ్యి పెట్టినవాడు కాసేపట్లో చెయ్యి తీసేస్తాడు.

నీ బతుకు చెప్పాలంటే హరికథకుడు మూడు రాత్రులు చెప్పాలి. నేను తొందరగా దాటేస్తాను, నువ్వూ దాన్ని పెద్దగా చెప్పుకున్నదానివి కాదు. 1923 డిసెంబరు 12న అడిస్ అబాబాలో పెద్దింట్లో పుట్టావు. పేరు యెవుబ్‌దార్. ఆరేళ్ళకే అక్కతో పాటు స్విట్జర్లాండు హాస్టలు బడి, వయొలిను, పియానో. తిరిగొచ్చిన కొన్నేళ్ళకే ముస్సోలినీ సైన్యం వచ్చిపడింది. 1937లో మీ కుటుంబాన్ని బందీలుగా అసినారా దీవికి తీసుకుపోయారు, తర్వాత నేపుల్స్ దగ్గరి మెర్కొల్యానోకు. మీవాళ్ళలో ముగ్గుర్ని చంపేశారు. యుద్ధం అయ్యాక కైరో వెళ్ళి, అలెగ్జాండర్ కొంటొరోవిచ్ అనే పోలండు గురువు దగ్గర రోజుకు తొమ్మిది గంటల సాధన చేశావు. ఇక మిగిలింది లండన్ చదువు. అవకాశం వచ్చింది, వెళ్ళడానికి రాజ్యం సెలవివ్వలేదు.

పన్నెండు రోజులు అన్నం ముట్టలేదట నువ్వు. దక్కవనే భయంతో ప్రభు సంస్కారం ఇచ్చారు. తీసుకుని నిద్రపోయావు. లేచినప్పుడు లండన్ మీద మనసు లేదు, పియానో మీదా లేదు.

పంతొమ్మిదేళ్ళ పిల్లవు ఇల్లు దాటి గిషెన్ మరియమ్ కొండెక్కావు. ఆ కొండ సిలువ ఆకారంలో ఉంటుంది. యేసును వేసిన సిలువ ముక్క ఒకటి అక్కడ ఉందని మీవాళ్ళ నమ్మకం. ఇరవై ఒకటో ఏట సన్యాసం తీసుకుని త్సెగె మరియమ్‌వి అయ్యావు. మట్టి గుడిసె, ప్రార్థన, ఉత్త పాదాలు, పదేళ్ళు. మా వైపు మాలకొండకు శనివారం శనివారం ఉత్తకాళ్ళతో ఎక్కే ఆడవాళ్ళున్నారు. ఎండాకాలం ఆ రాయి ఎలా కాలుతుందో వాళ్ళనడగాలి. వాళ్ళకు సాయంత్రానికి దిగడం ఉంది. నీకు పదేళ్ళదాకా దిగడం లేదు. చివరికి పాదాలే మొరాయించి నిన్ను తల్లి దగ్గరికి దించాయి. మోకాళ్ళు అరిగిన మా ఊరి ముసలమ్మలకు ఈ ముక్క చెబితే నీ పాట వినకముందే నీకు దండం పెడతారు.

కిందికి దిగాక సంగీతం మళ్ళీ పట్టుకుంది. గోందార్‌లో మీ ఆదిగురువు యారెద్ మహర్షి పాటలు నేర్చుకునేందుకు ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి, గుడి ప్రహరీ బయట పడుకుని, అడుక్కు తింటూ చదవడం చూశావు. మాకు కొత్త కాదు. వారాలు చెప్పుకుని, మధూకరం ఎత్తుకుని వేదం నేర్చినవాళ్ళ, కవిత్వం నేర్చినవాళ్ళ కథలు మా ఇంటింటా ఉన్నాయి. ఇవ్వడానికి నీ దగ్గర డబ్బు లేదు, చేతులున్నాయి. 1967లో జర్మనీలో నీ మొదటి గ్రామఫోను రికార్డు వచ్చింది. ఆ డబ్బు పేదపిల్లలకు వెళ్ళింది. ఆ రికార్డుకు కారణం ఉంది, లెక్క ఉంది. అది నాకు అర్థమైంది, నిందించను. నా నింద అంతా తర్వాతి టేపుల మీద.

1974 సెప్టెంబరులో చక్రవర్తి హైలె సెలాసీని దించేసి సైనికులు గద్దెనెక్కారు. దెర్గ్ అన్నారు వాళ్ళను. 1977, 78లో వీధుల్లో ఎర్ర బీభత్సం. పొద్దున్నే గుమ్మం తీస్తే ఎవరి బిడ్డ శవం కనిపిస్తుందో తెలియని రోజులు. పెద్దింటివాళ్ళకూ భయమే, గుడివాళ్ళకూ భయమే. నువ్వు రెండూ. ఆ ఊళ్ళో, ఆ ఇంట్లో, 1977 మొదలు ఊరు విడిచేలోపల, పియానో ముందు కూర్చుని, జీవితంలో మొట్టమొదట టేపుకు నీ గొంతిచ్చావు. అంతకు ముందు రికార్డుల్లో వేళ్ళే పాడాయి. గొంతెందుకు ఎత్తావో ఆ ఏళ్ళు చూస్తేనే తెలుస్తుంది. పియానోకు మాటలు రావు. ఆ ఏళ్ళలో మాట కావలసి వచ్చింది.

గొంతు గొప్పదని అబద్ధం చెప్పను. కచేరీ గొంతు కాదు. సన్నగా, కొంచెం దగ్గరగా, పక్కగదిలో పడుకున్నవాళ్ళు లేస్తారేమోనన్న జాగ్రత్తతో. పియానో ఎక్కడికి పోతే అక్కడికి, అది వంకర తిరిగితే తనూ తిరిగి. మా ఇంటి పెద్దావిడ ఒకరు విని, "గొంతు లేదు గాని శ్రుతి ఉందే" అన్నారు. మా వైపు ఇంతకు మించిన మెప్పు లేదు.

ఇక ఆ టేపు. క్యాసెట్టంటే ఏముంది, ప్లాస్టిక్ డబ్బాలో 3.81 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ, దాని మీద పూసిన ఇనుప తుప్పు. నిజంగా తుప్పే, ఐరన్ ఆక్సైడు. ఫిలిప్స్ వాళ్ళు 1963లో లోకానికి చూపించారు. అరవై నిమిషాల క్యాసెట్టులో సుమారు 90 మీటర్ల టేపు పడుతుంది. సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున అయస్కాంతం ముందునుంచి నడుస్తుంది. నువ్వొక సెకను ఊపిరి పీల్చుకున్నావంటే మూడు వేళ్ళ వెడల్పు తుప్పు దానికి సాక్ష్యం. ఆ రేణువులు అటో ఇటో తల తిప్పుకుని అలా ఉండిపోయాయి, దశాబ్దాల పాటు, నువ్వు ఎటు తిప్పితే అటే.

పెద్ద స్టూడియోలో అయితే ఆ పిట్టల్ని ముందే తరిమేసేవాళ్ళు. నీ దగ్గర వాటికీ వాటా ఉంది. ఉండాల్సిందే. మీ యారెద్‌కు పాట నేర్పింది పిట్టలేనని కదా మీ కథ. ఆరో శతాబ్దంలో స్వర్గం నుంచి మూడు పిట్టలు దిగివచ్చి మనిషి భాషలో మాట్లాడాయని, ఆయన్ను పైకి తీసుకుపోయి అక్కడి సంగీతం వినిపించాయని, ఆయన తెచ్చిన గెయెజ్, ఎజెల్, అరారాయ్ అనే మూడు రీతులే ఇవాళ్టికీ మీ గుళ్ళో పాడుతున్నారని. గుడిపాట నేర్పిన పిట్టల వంశంవాళ్ళు పధ్నాలుగు వందల ఏళ్ళ తర్వాత అడిస్ అబాబా కిటికీ దగ్గరికొచ్చి, సన్యాసిని పాఠం సరిగ్గా అప్పజెబుతుందో లేదో చూసుకుంటున్నట్టు నాకనిపిస్తుంది. ఇది నా పైత్యం. టేపులో పిట్టలు మాత్రం నా పైత్యం కాదు, చెవి పెట్టి వినొచ్చు.

ఇంతకీ ఏం పాడావు? స్తోత్రాలనుకుని వచ్చినవాళ్ళు నిరాశపడతారు. సాగిపోయే మబ్బుల మీద ఒకటి, నా తల్లి ఇథియోపియా అని ఒకటి, దేశాన్ని మరచిపోవద్దని ఒకటి. బెంగ పాటలు. వాటిలో ఒకదాని పేరు తెలుగులో చెబితే "నువ్వుండే దేశంలో ఎండా, మబ్బా" అని. ఆ పాటలో మబ్బుల అవతలికి చూస్తే సొంత ఆకాశం కనబడదు నీకు. ఇంత దూరం వచ్చేశానా అని నీకు నువ్వే ఆశ్చర్యపోతావు. నాకు ఒళ్ళు జలదరించింది అక్కడ కాదు. ఆ పాట పాడేనాటికి నువ్వింకా ఊరు కదల్లేదు! మీ ఇంట్లోనే, మీ పియానో ముందే ఉన్నావు. జెరూసలెం ప్రయాణం 1984 మాట. పోకముందే పోయినదాని బెంగ పాడుకున్నావు.

ఎండా, మబ్బా. తల్లీ, ఈ ప్రశ్న మా వెలిగండ్లలో రోజూ ఫోనులో మోగుతుంది. హైదరాబాదులో తాపీపనికి, బెంగుళూరులో అపార్ట్‌మెంటు కాపలాకు పోయినవాళ్ళు ఇంటికి ఫోను చేస్తే ఇటువైపు వాళ్ళు బాగున్నారా అని అడగరు. "మీ కాడ వాన పడిందా?" అని అడుగుతారు. అటువైపు వాళ్ళదీ అదే ప్రశ్న. పడలేదంటే ఆ ఏడు పంట లేనట్టు, పండక్కి రావడానికి కుదరనట్టు, అప్పు తీరనట్టు, పిల్ల పెళ్ళి వచ్చే ఏటికి జరిగినట్టు. పడిందంటే కాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడరు. కంది గింజలు కొనాలి, ఎడ్లు లేవు, ట్రాక్టరు బాడుగ ఎంతో అని ఎవరి లెక్కలో వాళ్ళు పడతారు. వానాకాలం చినుకు లేని నెలల్లో ఊళ్ళు సగం ఖాళీ అయ్యే సీమ ఇది. మూట కట్టుకున్న రాత్రి, బస్సు ఇంకా ఎక్కనే లేదు, అప్పుడే ఇంటి కప్పు వంక కొత్తవాళ్ళలా చూసే మనుషుల్ని చూశాను. వాళ్ళకు పాట రాదు. నీకు వచ్చింది, పాడిపెట్టావు. అందుకే భాష రాని మావాళ్ళకు ఈ పాట పేరొక్కటి చెబితే చాలు, ఇంకేమీ విడమర్చి చెప్పక్కర్లేదు.

దీన్ని భక్తి అనొచ్చా అని ఎవరైనా అడిగితే నేను గట్టిగా అంటాను. దేవుడి పేరు ఉంటేనే భక్తి అయితే ఎన్నికల మైకుల్లో మోగే పాటలు కూడా భక్తే కావాలి.

నీలాంటి ఒకాయన మా వైపూ ఉండేవారు, శ్రీపాద పినాకపాణి గారు. వృత్తి వైద్యం, కర్నూలు మెడికల్ కాలేజీలో ప్రొఫెసరు. మార్కాపురం, గిద్దలూరు వాళ్ళకు జబ్బు ముదిరితే ఆ రోజుల్లో కర్నూలు పెద్దాసుపత్రే దిక్కు. అక్కడ రోగుల గుండెచప్పుడు విన్న చెవే ఇంటికెళ్ళి కృతుల్లో గమకాలు వినేది. పాట ఆయనకు కూడు పెట్టిన పని కాదు, పేరు కోసం కచేరీల వెంట తిరగలేదు. నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ వంటివాళ్ళకు పాఠం చెప్పారు. పాఠం ఎక్కడ జారిపోతుందోనని కృతుల్ని గమకంతో సహా స్వరపరచి రాశారు. తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్ళు దాన్ని 'సంగీత సౌరభం' అని సంపుటాలుగా వేశారు. ఆయన పుట్టింది 1913, నువ్వు పుట్టింది 1923. ఆయన పోయింది 2013 మార్చి, నువ్వు పోయింది 2023 మార్చి. ఇద్దరికీ తొంభై తొమ్మిదే, ఇద్దరూ నూరు గడప దాకా వచ్చి ఆగినవాళ్ళే. మీ ఇద్దరినీ ఒక అరుగు మీద కూర్చోబెడితే గమకాన్ని కాగితం మీద ఎక్కించడం గురించే సగం రాత్రి గడిచేది.

ఇంకా వెనక్కి పోతే అన్నమయ్య. వెంకన్నకు పాడిన కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళో ఒక అరలో పెట్టారు. వందల ఏళ్ళు ఆ అర జోలికి లోకం పోలేదు. 1922లో వెలుగు చూసింది. ముప్పై రెండు వేలు పాడాడంటారు, దొరికినవి పన్నెండు వేల పైచిలుకు. ప్రతి కీర్తన మీదా రాగం పేరుంది, మాటలున్నాయి, వరస లేదు. ఆయన ఏ మాట దగ్గర ఆగాడో, ఎక్కడ గొంతు పూడుకుందో రాగి చెప్పలేకపోయింది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు కొత్తగా వరసలు కట్టవలసి వచ్చింది. రాగికి చేతకాని పని నీ తుప్పు చేసిపెట్టింది. ఇది పొగడ్త అనుకునేవు. అన్నమయ్య మీద జాలి కూడా.

అమెరికాలో ఇంకొకావిడ, ఆలిస్ కోల్ట్రేన్. జాజ్ మహావిద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ భార్య, తనూ పియానో, హార్ప్ విద్వాంసురాలే. 1967లో ఆయన పోయాక క్రమంగా లోకం పాటకు దూరమై, మా పుట్టపర్తి సత్యసాయిబాబాకు భక్తురాలై, కాలిఫోర్నియా కొండల్లో ఆశ్రమం పెట్టుకుంది. 1982లో ఆర్గను ముందు కూర్చుని మొదటిసారి గొంతెత్తి, సంస్కృత నామాలు పాడి క్యాసెట్టు చేసింది. అంగళ్ళకు పంపలేదు, ఆశ్రమం వాళ్ళకే. ఇద్దరికీ పోలికలు చాలా చెప్పొచ్చు, నాకు తేడానే ఇష్టం. ఆమె క్యాసెట్టుకు వినే ఆశ్రమ భక్తులున్నారు. నీ టేపుకు ఆ పిట్టలే.

మా ఇళ్ళల్లోనూ ఉండేవమ్మా ఇలాంటి క్యాసెట్లు. 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న జిల్లా ఇది. గంజి కోసం కాలవ తవ్విన కరువు అప్పుడే దాటింది. వాళ్ళ మునిమనవరాళ్ళు పురుషోత్తమ చౌదరి కీర్తనలు తెల్లారకముందే, పొయ్యి రాజేస్తూ, సొంత వరసలో పాడుకునేవాళ్ళు. ఇటు ఊళ్ళో బ్రహ్మంగారి తత్వాలు, అచల బోధ తత్వాలు, తంబుర ఒకటి, తాళాలు ఒక జత. దుబాయి నుంచో మద్రాసు నుంచో టూ ఇన్ వన్ తెచ్చుకున్న ఇంట్లో ఒకరోజు సరదాకు బొత్తాం నొక్కి ముసలాయన చేత పాడించేవాళ్ళు. ఆయన ముందు సిగ్గుపడేవాడు, తర్వాత దగ్గేవాడు, తర్వాత లోకం మరిచేవాడు. మధ్యలో కోడి కూసేది, కోడలు చేద వేసిన చప్పుడు. ఆ క్యాసెట్టు మీదే మరుసటి నెల సినిమా పాటలు ఎక్కించేవాళ్ళు. ఖాళీ క్యాసెట్టు కొనాలంటే డబ్బులు కదా. తుప్పు రేణువులు కొత్త పాట వైపు తల తిప్పుకునేవి, ముసలాయన మాయం. మా సీమ గొంతులు ఎన్ని అలా చెరిగిపోయాయో తలుచుకుంటే, నీ టేపుల మీద ఎవరూ ఇంకేదీ ఎక్కించకపోవడం నాకు ఒక మహిమలాగే కనిపిస్తుంది.

1984లో జెరూసలెం చేరావు. మీవాళ్ళ దెబ్రె గెనెత్ మఠంలో చిన్నగది, ఒక మంచం, ఒక పియానో, నువ్వు గీసుకున్న దేవుళ్ళ బొమ్మలు. దాదాపు నలభై ఏళ్ళు అందులోనే. 2006లో పారిస్ వాళ్ళు ఎతియోపిక్ అనే వరసలో 21వ సీడీగా నీ పాత పియానో రికార్డుల్ని కలిపి వేస్తే లోకం ఉలిక్కిపడింది. ఎవరీమె, ఎక్కడ దాక్కుంది అని. నువ్వెక్కడా దాక్కోలేదు, ఉన్నచోటే ఉన్నావు. తర్వాత మాయా దునియెట్స్ అనే పియానో కళాకారిణి వెతుక్కుంటూ వస్తే సంచుల్లో కుక్కిన చేతిరాత స్వరాల కాగితాలు ఆమె చేతిలో పెట్టావు, అచ్చు వేయించమని. 2013లో అచ్చయ్యాయి.

నా ఫిర్యాదుకు బీటలు పడింది ఇక్కడే. పాటను దాచుకున్నదానివైతే సంచులు ఎందుకిస్తావు? నువ్వు దాచింది నిన్ను. ఆ బొత్తాం నొక్కిన వేలూ, ఆ సంచి అందించిన చెయ్యీ ఒకటే. వినేవాడు ఎప్పుడొస్తాడో నీకు అనవసరం, వస్తే దొరకాలి, అంతే. అన్నమయ్య ఇంటివాళ్ళు రాగిరేకులు చెక్కించినప్పుడు, పినాకపాణి గారు పెన్సిలు చెక్కుకున్నప్పుడు ఉన్నదీ ఈ పట్టింపేనేమో. ఎదురుగా మనిషి లేడని పని తగ్గించలేదు వాళ్ళెవరూ.

2023 మార్చి 26న నువ్వు పోయావు. మరుసటేడు ఫిబ్రవరిలో ఇంట్లో పాడుకున్న ఆ టేపులు అమెరికా వాళ్ళు 'సావెనీర్స్' పేరుతో రికార్డుగా తెచ్చారు. సముద్రాలు దాటి నా ఫోనులోకి వచ్చాయి. పిట్టలతో సహా, కిర్రుమన్న బల్లతో సహా, టక్కుతో సహా. ఎవరో బుద్ధిమంతులు ఆ చప్పుళ్ళు తుడిచెయ్యలేదు, వాళ్ళకూ ఒక దండం.

నింద సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం తీసుకోను. 1977 నుంచి 1984 అంటే ఏడేళ్ళు. ఏడేళ్ళు ఇంట్లో పియానో ఉంది, టూ ఇన్ వన్ ఉంది, వీధిలో భయం ఉంది, నీకు నిద్రపట్టని రాత్రులు ఉండే ఉంటాయి. అవన్నీ కలిపి మాకిచ్చింది ఒక్క రికార్డుకు సరిపడా పాటలా? మిగతా టేపులు ఎక్కడ పెట్టావు తల్లీ?